దమ్ము నేర్చిన పహిల్వాన్ కోడి రామ్మూర్తి నాయుడు

మా భోగాపురం వైపు ఏ కుర్రవాడైనా బియ్యం బస్తాను ఒక్కడే ఎత్తి లారీలో వేస్తే, ముసలివారు వాడిని నేటికీ కోడి రామ్మూర్తి అని పిలుస్తారు. ఆ పేరు గల మనిషి కన్నుమూసి ఎనభై ఏళ్లు దాటింది. రొమ్ము మీద ఏనుగును నిలబెట్టుకున్నాడు, ఇనుప గొలుసులు తెంచాడు, పరుగెత్తబోయే మోటారు కార్లను ఆపాడు అన్న మాటలు మాత్రం తాతల నోట మనుమలకు చేరుతూనే ఉన్నాయి. విన్నవారికి అందులో కండల సంగతే కనిపిస్తుంది. కాని ఆయన జీవితాన్ని కొంచెం నిదానంగా చదివితే కండల కంటే పెద్ద విద్య ఒకటి బయటపడుతుంది. భయం, బాధ, కోపం మీద పడినప్పుడు శరీరం మన అనుమతి అడగకుండా చేసే హడావుడిని గుర్తుపట్టడం, దానికి కళ్లెం వేయడం ఆ విద్య. ఈ విషయం చెప్పుకోవడానికి మన ఉత్తరాంధ్రలో ఆయనను మించిన ఉదాహరణ మాకు దొరకలేదు.

రామ్మూర్తి నాయుడు 1882లో వీరఘట్టంలో జన్మించారు. తల్లి చిన్నతనంలోనే పోయింది. తల్లిలేని పిల్లవాడని తండ్రి వెంకన్న నాయుడు గారాబం చేశారు. ఆ గారాబంతో బాలుడు చదువు కంటే అల్లరిలోనే ముందుండేవాడట. ఊరి చెరువు గట్టున తెల్లవారుజామున వ్యాయామం చేసేవాడనీ, ఒక లేగదూడను భుజాల మీద వేసుకొని రోజూ నడిచేవాడనీ ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. దూడ రోజుకు రవ్వంత పెరుగుతుంది, మోసేవాడి బలమూ రవ్వంత పెరుగుతుంది. చివరికి అది పశువయ్యేనాటికి మోసేవాడు మల్లుడవుతాడు. ఈ కథ అక్షరాలా జరిగినా జరగకపోయినా అందులోని పద్ధతి మాత్రం నిజం. భయాన్ని మోయడం నేర్చుకునేదీ ఇలాగే. ఆ మాటకు మళ్లీ వస్తాము.

కుమారుడిని దారిలో పెట్టాలని తండ్రి విజయనగరంలోని బంధువుల ఇంటికి పంపారు. ఆ రోజుల్లో విజయనగరం సంగీతానికి, పాండిత్యానికే కాదు, కుస్తీలకూ పేరున్న పట్టణం. తాలింఖానాలో రామ్మూర్తికి మట్టి వాసన పట్టింది. దండీలు, బస్కీలు, కుస్తీ పట్లు అన్నీ అబ్బాయి. తరువాత మద్రాసులోని సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, తిరిగి వచ్చి విజయనగరంలో తాను చదివిన బడిలోనే వ్యాయామ ఉపాధ్యాయుడయ్యారు. బడిపంతులు ఉద్యోగం ఆయనను ఎక్కువకాలం పట్టి ఉంచలేదు. సర్కస్ కంపెనీ పెట్టి ఊరూరా తిరిగారు. మద్రాసు, పూనా, అలహాబాదు, ఆపైన సముద్రం దాటి లండన్ వరకు ఆయన పేరు వెళ్లింది. కలియుగ భీముడని, ఇండియన్ హెర్క్యులిస్ అని జనం బిరుదులు ఇచ్చారు. బిరుదుల జాబితా పొడుగైనది, దానిని ఇక్కడ ఏకరువు పెట్టము.

ఆయన ప్రదర్శనలలో మూడింటిని ముఖ్యంగా చెబుతారు. మొదటిది, రొమ్ము చుట్టూ ఇనుప గొలుసు బిగించి కట్టించుకొని, ఊపిరి నిండా పీల్చి, ఛాతీని ఉబ్బించి గొలుసు తెంచడం. రెండవది, రెండు మోటారు కార్లను రెండు వైపులకు నడిపిస్తే తాళ్లు పట్టుకొని వాటిని కదలనీయకపోవడం. మూడవది, వెల్లకిలా పడుకొని రొమ్ము మీద పలక వేయించుకొని, దాని మీదకు ఏనుగును ఎక్కించుకోవడం. ఇవన్నీ ప్రాణాయామ సాధన మీద ఆధారపడినవేనని ఆయన జీవితం రాసినవారు చెబుతారు. మన తాలింఖానాల ఉస్తాదుల భాషలో అయితే అది దమ్ము సాధన.

ఈ దమ్ము అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. పారసీ భాషలో దమ్ అంటే శ్వాస. ఉర్దూలోకి వచ్చేసరికి శ్వాసతో పాటు ప్రాణం, సత్తువ అన్న అర్థాలు కూడా కలిశాయి. తెలుగులోకి వచ్చి దమ్ము అయింది. ఇప్పుడు ఏ ఊళ్లోనైనా దమ్మున్నవాడు అంటే ధైర్యవంతుడని అర్థం. గండం గడిస్తే ఉర్దూవారు దమ్ లో దమ్ వచ్చిందంటారు, తెలుగువారు ఊపిరి పీల్చుకున్నామంటారు. ధైర్యానికి, ఊపిరికి సంబంధం ఉందని ఈ భాషలకు ఏ ప్రయోగశాలా చెప్పలేదు. మనుషులు తమ ఒంట్లో చూసుకొని చెప్పిన మాట అది.

ఏనుగు మొదటి పాదం పలక మీద మోపిన క్షణాన్ని పాఠకులు ఒకసారి ఊహించండి. మనలో ఎవరికైనా ఆ క్షణంలో ఏమవుతుంది? గుండె దడదడలాడుతుంది. నోరు ఎండిపోతుంది. అరచేతులు చెమటలు పడతాయి. పళ్లు బిగుసుకుంటాయి. భుజాలు చెవుల వైపు లేస్తాయి. ఊపిరి పొట్టలోకి దిగకుండా రొమ్ము పైభాగంలోనే చిన్నచిన్నగా ఎగశ్వాస అవుతుంది. అరవాలని, విదిలించుకోవాలని, పారిపోవాలని ఒళ్లంతా చెబుతుంది. అలా రొప్పే ఛాతీ ఏనుగును కాదు, మేకపిల్లను కూడా నిలకడగా మోయలేదు. బరువు పలక అంతటా పరచుకొని పడుతుందన్నది నిజమే, ఆ ఏర్పాటు లేకుండా ఏ పక్కటెముకలూ నిలవవు. కాని పలక ఎంత వెడల్పుగా ఉన్నా, కింద ఉన్నవాడు ఊపిరి తప్పితే అంతా తప్పినట్లే. కాబట్టి రామ్మూర్తి ముందుగా గెలవవలసింది ఏనుగును కాదని మాకు తోస్తుంది.

సరిగ్గా ఆయన సర్కస్ డేరాలు దేశమంతా తిరుగుతున్న కాలంలోనే, అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ కానన్ అనే శాస్త్రజ్ఞుడు ఇదే హడావుడిని పరిశీలిస్తున్నారు. పిల్లుల జీర్ణక్రియను ఎక్స్‌రే కిరణాలతో చూస్తుండగా, పిల్లి బెదిరిన మరుక్షణం దాని పొట్ట కదలిక ఆగిపోవడం ఆయన గమనించారు. భయం మెదడులోనే ఉండిపోక పొట్ట దాకా ఎలా దిగింది? ఆ ప్రశ్నను వెంబడించి 1915లో ఆయన ఒక గ్రంథం ప్రచురించారు. మూత్రపిండాల మీద టోపీలలా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు ప్రమాద సమయంలో అడ్రినలిన్ అనే రసాన్ని రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది. కాలేయం దాచుకున్న చక్కెరను రక్తంలోకి పంపుతుంది. రక్తం పొట్ట నుండి కాళ్లు చేతుల కండరాలకు మళ్లుతుంది, కంటిపాపలు విచ్చుకుంటాయి. పోరాడడానికో పారిపోవడానికో శరీరం చేసే ఏర్పాటు ఇది. పులి ఎదురైతే ఆలోచిస్తూ కూర్చునే మనిషి బతకడు కాబట్టి ఆలోచన కంటే ముందే ఒళ్లు లేచే ఈ ఏర్పాటును సృష్టికర్త మనిషిలో పెట్టాడు. అందుచేత గుండె దడ పిరికితనం కాదు. రామ్మూర్తికీ ఆ గ్రంథులు ఉన్నాయి, ఆయన గుండే ఇనుముతో చేసింది కాదు.

పోరాటం, పలాయనం కాక మూడవ రకం కూడా ఉంది. పాము కనబడితే కాలు కదలని మనిషిని కొయ్యబారిపోయాడంటాము, నోట మాట రాలేదంటాము. ఇదీ శరీరం చేసే పనే. కళ్లెదుట ప్రమాదం జరుగుతున్నప్పుడు కదలలేకపోయినవారిని తరువాత ఊరంతా ఆడిపోసుకోవడం చూస్తుంటాము. అది అన్యాయం.

పాఠాలు చెప్పే వృత్తిలో ఏళ్లు గడిపిన మాకు ఈ మూడవ రకం బాగా పరిచయం. నిన్న సాయంత్రం పాఠాన్ని ఏరులా ఒప్పజెప్పిన పిల్లవాడు, పరీక్ష తీసుకోవడానికి వచ్చిన ముమ్తహిన్ సాహెబు ముందు నిలబడి మొదటి మాటే మరచిపోతాడు. పెదవులు తడుపుకుంటాడు, కుర్తా అంచు నలుపుతాడు, చూపు నేలకు అతుక్కుపోతుంది. ఆ సమయంలో గద్దిస్తే మిగిలిన నాలుగు మాటలూ పోతాయి. బెత్తం చూపిస్తే ఆ పసివాడి ఒంటికి ఎదురుగా ఉన్నది ఉస్తాదు కాదు, పులి. పాఠం రాలేదని కొట్టే ఉపాధ్యాయులు పాఠం ఎందుకు రాలేదో చూడడం లేదు. ఒక గ్లాసు మంచినీళ్లు ఇచ్చి, కూర్చోబెట్టి, రెండు నిమిషాలు ఆగితే పోయిన పాఠం తిరిగి రావడం మేము చాలాసార్లు చూశాము.

పెద్దవారి సంగతి ఇంకా బరువైనది. మన తీరంలో 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చింది, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చింది. అటువంటి రాత్రి గడిపినవారిలో గాలి హోరు వింటే చాలు నిద్రలేచి కూర్చునేవారు ఉంటారు. తుఫాను వెళ్లిపోయినా శరీరానికి ఆ కబురు అందలేదన్నమాట. ఇక కోపం. పిడికిలి బిగుసుకోవడం, చెవులు వేడెక్కడం, గొంతు పెరగడం, ఇవి కోపం రాబోయే ముందు శరీరం కొట్టే తలుపు చప్పుళ్లు. ఆ చప్పుడు విననివాడి చెయ్యి లేస్తుంది, నోరు జారుతుంది. ఆ ఒక్క క్షణంలో అన్న మాటతో కూలిన సంసారాలు ప్రతి ఊరిలోనూ ఉన్నాయి.

శుక్రవారం పుటలో పహిల్వాన్ కథ ఏమిటని ఎవరికైనా తోచవచ్చు. దైవప్రవక్త (స) బలవంతుడు ఎవరన్న ప్రశ్నకు కుస్తీ బరిని కాదు, కోప సమయాన్నే కొలబద్దగా చూపారు. నిలబడి ఉన్నప్పుడు కోపం వస్తే కూర్చోవాలనీ, అప్పటికీ తగ్గకపోతే పడుకోవాలనీ నేర్పారు. ఇక్కడ మొదట మార్చమన్నది మనసును కాదు, ఒంటి భంగిమను. మనసుకు చెప్పినా వినని వేళ ఒంటికి చెప్పాలన్నమాట.

పదవ శతాబ్దపు తొలినాళ్లలో బల్ఖ్ ప్రాంతపు పండితుడు అబూ జైద్ అల్ బల్ఖీ శరీరానికి, ఆత్మకు మేలు చేసే సంగతులపై అరబీలో ఒక గ్రంథం రాశారు. అందులో భయానికి, కోపానికి, దుఃఖానికి, వదలని దురాలోచనలకు వేర్వేరు అధ్యాయాలు ఉన్నాయి. ఆయన చెప్పిన ఉపాయాలలో రెండు మాకు చాలా నచ్చాయి. ఆకస్మికంగా వచ్చే రోగాలకు ఇంట్లో మందులు సిద్ధం చేసుకున్నట్లే, మనసు నిమ్మళంగా ఉన్న రోజుల్లోనే మంచి ఆలోచనలను పోగు చేసి పెట్టుకోవాలన్నది ఒకటి. భయపెట్టే వస్తువుకు కొద్దికొద్దిగా అలవాటు పడాలన్నది రెండవది. వీరఘట్టం లేగదూడ కథలో ఉన్నదీ ఇదే. మొదటి రోజే ఎద్దును ఎత్తబోయినవాడి నడుము విరుగుతుంది. సభలో మాట్లాడడానికి జంకే కుర్రవాడు ముందు తమ్ముడి ముందు, తరువాత నలుగురి ముందు, ఆ తరువాత తరగతి ముందు మాట్లాడాలి.

ఇక రామ్మూర్తి సాధనకు మూలమైన ఊపిరి వద్దకు వస్తాము. భయంలో శరీరం చేసే పనులలో గుండె వేగాన్ని మనం ఆజ్ఞాపించలేము. చెమటను ఆగమనలేము, పొట్టను కదలమనలేము. అన్నిటిలో ఒక్క ఊపిరి మాత్రమే దానంతట అదీ నడుస్తుంది, మనం నడిపితేనూ నడుస్తుంది. ఆ ఒక్క తలుపు తెరిచి ఉంచబడింది. దీనిని ఎవరైనా తమ మణికట్టు మీదే చూసుకోవచ్చు. నాడి మీద వేళ్లు ఉంచి నిదానంగా ఊపిరి తీస్తే నాడి కొంచెం తొందరపడుతుంది, నిదానంగా వదిలితే కొంచెం నెమ్మదిస్తుంది. చిన్న వయసువారిలో ఈ తేడా బాగా తెలుస్తుంది. మెదడు నుండి గుండెకు, పొట్టకు దిగే వేగస్ అనే నరం ఊపిరి వదిలేటప్పుడు గుండెను జో కొడుతుంది. అందువల్ల కంగారులో గబగబా గాలి మింగడం కాక, ఊపిరిని పొడవుగా వదలడం మీద దృష్టి పెట్టాలి.

పద్ధతి చాలా చిన్నది. కూర్చొని పాదాలు రెండూ నేలకు ఆనించాలి. బిగుసుకున్న పళ్లు, పైకి లేచిన భుజాలు వదులు చేయాలి. ముక్కుతో నాలుగు లెక్కించే వరకు ఊపిరి తీసి, వేడి పాలు చల్లార్చడానికి ఊదినట్లు ఆరు లెక్కించే వరకు వదలాలి. అంటే నిమిషానికి ఆరు ఊపిరులు. మామూలుగా పెద్దవారు నిమిషానికి పన్నెండు నుండి ఇరవై సార్లు ఊపిరి తీస్తారు. ఐదు నిమిషాలు చాలు. తల తిరిగినట్లుంటే ఆపి మామూలుగా ఊపిరి తీయాలి. అయితే దూడ కథ మరువరాదు. పులి వచ్చిన రోజున మొదలుపెడితే ఇది పని చేయదు, పులి లేని రోజుల్లో అలవాటు కావాలి.

యువకులకు మాత్రం ఒక హెచ్చరిక. రామ్మూర్తి గొలుసు తెంచినట్లు ఊపిరి బిగబట్టి ముక్కడం ఎవరూ ఇంట్లో ప్రయత్నించరాదు. అలా బిగబట్టినప్పుడు రక్తపోటు ఒక్కసారిగా పైకి వెళ్లి, వదలగానే పడుతుంది. రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారికి అది ప్రాణాంతకం కావచ్చు. మరొక మాట. రొమ్ములో నొప్పి వచ్చి ఎడమచేతికో దవడకో పాకుతూ, చల్లని చెమట పట్టి, ఆయాసం వస్తే దానిని కంగారు అనుకొని ఊపిరి లెక్కిస్తూ కూర్చోకూడదు. వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లాలి. దడ, నిద్రలేమి వారాల తరబడి వదలకపోతే వైద్యుడికి చూపించాలి. మనసు వైద్యుడి దగ్గరకు వెళితే పిచ్చి అంటారని మన ఇళ్లలో దాచుకుంటారు. బయటకు చెప్పుకోలేనివారు టెలి మానస్ 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఈ సేవను ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించింది.

రామ్మూర్తి జీవితంలోనూ ఊపిరి అన్నిటినీ గెలవలేదు. స్పెయిన్‌లో పొగరుబోతు ఎద్దును కొమ్ములు పట్టి పడవేశారని, అసూయపరులు ఆయనపై హత్యాప్రయత్నాలు చేశారని, ఒకసారి పలక విరిగి పక్కటెముకలు దెబ్బతిన్నాయని కథలు చాలా ఉన్నాయి. సంపాదన లక్షలలో ఉండేదని, దానధర్మాలకు, జాతీయోద్యమానికి చేయి దాచకుండా ఇచ్చేవారని కూడా చెబుతారు. చివరి కాలానికి ఆ డబ్బు మిగలలేదు. కాలికి పుండు పడి, అది మానక, వైద్యులు కాలు తీసివేయవలసి వచ్చింది. ఆ శస్త్రచికిత్సకు ఆయన క్లోరోఫాం తీసుకోలేదని, ప్రాణాయామం పట్టి కదలకుండా పడుకున్నారని ఆయన గురించి రాసినవారు చాలామంది చెబుతారు.

అది విన్నవారికి ఒళ్లు గగుర్పొడుస్తుంది. మాకూ గగుర్పొడిచింది. నొప్పి తగిలితే కాలిని వెనక్కు లాక్కోవడం శరీరానికి పుట్టుకతో వచ్చిన అలవాటు. నిప్పు మీద పడిన వేలు మనం ఆలోచించకముందే వెనక్కు వస్తుంది. దానిని కూడా నిలిపి ఉంచగలగడం ఒక జీవితకాలపు సాధన. అయినా మత్తుమందు వద్దనడం గొప్పతనంగా మేము పిల్లలకు బోధించము. వైద్యుడు ఇచ్చే మందు తీసుకోవడంలో సబ్ర్‌కు లోటేమీ లేదు. ఆ కథలో మాకు పనికివచ్చేది ఒక్కటే అనిపిస్తుంది. సర్కస్ డేరా, చప్పట్లు, బిరుదులు ఏవీ లేని గదిలో, చూసేవారు లేనప్పుడు కూడా ఆయన తాలింఖానాలో నేర్చిన దమ్ము ఆయన వెంట ఉంది.

కాలు పోయాక ఆయన జీవితం సాగిన ఊరు ఒడిశాలోని బలాంగీర్. అది అప్పుడు పట్నా సంస్థానం. ఆ సంస్థానాధీశుల ఆదరణలో ఉంటూ 1942లో అక్కడే కన్నుమూశారు. పుట్టిన వీరఘట్టం 2022 ఏప్రిల్ వరకు శ్రీకాకుళం జిల్లాలో ఉండి, జిల్లాల విభజనతో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. శ్రీకాకుళం పట్టణంలోని క్రీడామైదానానికి మాత్రం ఆయన పేరే ఉంది.